టీజ్, హెకిల్, ఏకిపారేయడం

మొన్న మా మనవడు బడి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "తాతయ్యా, నా పేరు పట్టుకుని టీజ్ చేస్తున్నారు" అన్నాడు. "సరదాకి అంటార్లేరా" అనేశాను. వాడు మాట్లాడకుండా గదిలోకి వెళ్ళిపోయాడు. మనసొప్పక, ఆ రాత్రి నిఘంటువు తీశాను.

‘టీజ్’ చాలా పాత ఇంగ్లీషు మాట. ఉన్నిని లాగి, పీకి, పోగులు విడదీయడం దాని మొదటి అర్థం. నేసిన ఉన్నిబట్ట మీద నూగు లేపడానికి వాడిన ముళ్ళకాయల మొక్కకి ‘టీజిల్’ అన్న పేరు కూడా అందులోంచే వచ్చింది. మనిషిని మాటలతో గిల్లి విసిగించడం అన్న అర్థం 17వ శతాబ్దం మొదట్లో చేరింది.

సభలో మాట్లాడేవాణ్ణి అడ్డుతగిలి ఎగతాళి చేయడాన్ని ‘హెకిల్’ అంటారు కదా, దానిదీ ఇదే కథ. హెకిల్ అంటే అవిసెనార చిక్కుదీసే ఇనుపపళ్ళ దువ్వెన. స్కాట్లండులోని డండీ పట్టణంలో ఆ పని చేసేవాళ్ళు రాజకీయాల్లో గట్టివాళ్ళట. ఒకడు పత్రిక పైకి చదువుతుంటే, తక్కినవాళ్ళు నార దువ్వుతూనే ప్రశ్నలతో దులిపేవారని చెబుతారు. ఎన్నికల్లో నిలబడ్డవాణ్ణి నిలదీయడానికి స్కాట్లండులో ఆ మాటే వాడుకైంది.

మరి మనమో? "వాణ్ణి ఏకిపారేశాడు" అంటాం. ఏకడం దూది పని. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ తర్వాత ఏకి, ఏకులు చుట్టి, నూలు వడుకుతారు. ‘హెకిల్’, ‘ఏకు’ చెవికి దగ్గరగా ఉన్నా చుట్టాలు కావు. అది జర్మను భాషల కుటుంబానిది, మనది ద్రావిడం. అక్కడ ఉన్ని, నార, ఇక్కడ దూది. అయినా మాటలతో మనిషిని పీకడం చూసినప్పుడు ఇద్దరికీ ఒకే పని గుర్తొచ్చింది!

ఒక్క తేడా ఉంది. దూదిని ఏకేది నూలు తీయడానికి. డండీ పనివాళ్ళు ప్రశ్నించింది సమాధానం రాబట్టడానికి. పదిమంది చేరి ఒక పిల్లవాడి పేరుని పీకితే ఏ పోగూ రాదు, వాడి మనసు పీలికలవుతుంది. అంత మాటని నేను ‘సరదా’ అనేశాను.

మర్నాడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమన్నార్రా? మొత్తం చెప్పు" అన్నాను. చెప్పడానికి చాలాసేపే పట్టింది.