పేరు విడిచి కూర్చుండు గది

‘దేవదాసు’ వెలువడిన 1953వ సంవత్సరమున, ఆ చిత్రము రూపొందిన మదరాసు నగరమున మద్యనిషేధము అమలులో నుండెను. త్రాగుబోతు కన్నులలోని బరువును తెచ్చుటకై అక్కినేని నాగేశ్వరరావుగారు రాత్రివేళ పెరుగన్నము కడుపునిండ భుజించి, ముంచుకొని వచ్చు నిద్రమత్తుతోనే కెమెరా యెదుట నిలిచెడివారట. ఆ పాత్రను చూచి కన్నీరు కార్చిన మనము త్రాగుడనగా విఫలప్రేమకు సహజమైన విషాదమని తలచితిమి గాని, తోటిమనుష్యుని సాహాయ్యముచే నిలువరింపదగిన వ్యాధియని తలచితిమి కాము. పార్వతి పాత్ర ధరించిన సావిత్రియే ఉత్తరకాలమున మద్యమునకు లోబడి, నెలల తరబడి స్మృతిలేక పడియుండి, 1981 డిసెంబరు 26న కన్నుమూయుట తలచుకొన్నప్పుడెల్ల నాకు మనస్సు కలుక్కుమనును. అంతకు ఏడాది ముందే, 1980లో, ఆ మదరాసులోనే శాంతి రంగనాథన్‌గారు, త్రాగుడు తన భర్తను బలిగొన్న దుఃఖమును దిగమ్రింగి, ఇట్టి రోగుల చికిత్సకై టి.టి.రంగనాథన్ పేరిట సంస్థను స్థాపించిరి.

చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. 1976లో అన్నపూర్ణా స్టూడియో, 1989లో రామానాయుడు స్టూడియో వెలసిన ఈ రాతిగుట్టల చుట్టును జూబిలీ హిల్స్ భవనములు, ఫిల్మ్ నగర్ వీధులు పెరిగినవి. క్రింద కృష్ణానగరు ఇరుకు గదులలో లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, అవకాశమునకై ఊరు విడిచి వచ్చిన యువకులు చేరిరి. నేడు పని యున్నను రేపు కాల్షీటు దొరకునను నమ్మకము లేని వృత్తి యిది. ప్యాకప్ చెప్పిన పిమ్మట గదిలో వేచియుండు భార్యాబిడ్డలు లేని వానికి సీసాయే బంధువగుట ఆశ్చర్యము కాదు.

త్రాగుడు మాన్పించుట మన ప్రాంతమున చిరకాలము శాసనముల పనిగనే సాగినది. రాజాజీ ప్రభుత్వము 1938లోనే చిత్తూరు, కడప జిల్లాలకు నిషేధమును విస్తరింపజేసెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు నేర్చిన స్త్రీలు రోసమ్మగారి వెంట నడచి సారాకొట్టును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతటను వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమయ్యెను. వెండితెరనుండి వచ్చిన నందమూరి తారకరామారావుగారు 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధమును అమలుపరచిరి. 1997లో అది సడలినది. ఆ స్త్రీల ఉద్యమమునకు నేను శిరసు వంతును. అయినను అంగడి మూతపడినంతమాత్రమున దేహములోని కోరిక మూతపడదు: 2020లో లాక్‌డౌను వలన కల్లు, మద్యము దుకాణములు మూసినంతనే, జూబిలీ హిల్స్‌కు చేరువనున్న ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు వణకుచు, పలవరించుచు రోగులు బారులు తీరిరి.

శాసనము తాకలేని ఆ చోటును తాకిన ఉపాయము 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున పుట్టినది. వ్యాపారకార్యమున విఫలుడై, హోటలులో ఒంటరిగా నుండి, ప్రక్కనున్న బారు తన్ను పిలుచుచుండగా భయపడిన బిల్ విల్సన్, త్రాగుడుతో బాధపడు మరియొకనితో మాటలాడిననే తాను నిలువగలనని తోచి, వెదకి వెదకి బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. వినువానికంటె ముందుగా చెప్పువాడే రక్షింపబడునను ఆ గ్రహింపే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు పునాది. ఆ వైద్యుడు కడపటి చుక్క త్రాగిన జూన్ 10వ తేదీనే వారు జన్మదినముగా జరుపుకొందురు. భారతదేశమున ఈ పద్ధతి 1957లో ఢిల్లీలో మొదలైనది. హైదరాబాదులోను దాని బృందములు కలవు. సభ్యులు దీనిని ‘ఏఏ’ యనియే పిలుతురు. ప్రవేశరుసుము లేదు, త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటియే అర్హత. ఖర్చులకు సభ్యులే తోచినది వేసికొందురు. బయటివారి విరాళము స్వీకరింపరు. ఓపెన్ మీటింగులకు ఇంటివారును రావచ్చును, క్లోజ్డ్ మీటింగులు బాధితులకే. కుటుంబములకు 1951లో ఆల్-అనాన్ ప్రత్యేకముగా వెలసినది.

1950లో క్లీవ్‌లాండ్ మహాసభయందు వారు అంగీకరించిన పండ్రెండు సంప్రదాయములలో పదునొకండవది నన్ను మిక్కిలి ఆకర్షించినది: పత్రికలు, రేడియో, చలనచిత్రములు — వీని యెదుట సభ్యుడు తన పేరు వెల్లడింపరాదని అది విధించుచున్నది. పేరే పెట్టుబడియై, టైటిల్ కార్డులో ఎవని పేరు ముందు పడవలెనని వివాదములు చెలరేగు ఈ నగరమున, పేరును గుమ్మము వెలుపలనే విడువుడని కోరు గది యిది. కనుకనే ఈ గది చరిత్రకు శిలాఫలకములు లేవు, ఛాయాచిత్రములు లేవు. త్రాగక గడపిన దినములను సభ్యులు లెక్కించుకొను లెక్క తప్ప వేరు దస్తావేజు లేదు. గుర్తుపట్టుదురను భయము గలవాడు తన పేటలో గాక, దూరమున నున్న బృందమును ఎంచుకొనవచ్చును. ఫోనులో అడిగినచో చోటు, వేళ చెప్పుదురు.

లోపల కొన్ని కుర్చీలు మాత్రము ఉండును. నిర్మాతయైనను లైట్‌మన్ యైనను తన వంతు వచ్చినప్పుడు ఇంటిపేరు లేని పేరొకటి చెప్పి, తాను మద్యపాన రోగినని ఒప్పుకొని, ఈ యొక్క దినము త్రాగలేదని తెలుపును. ఎవరును మధ్యలో అడ్డురారు, ఎవరును ఉపదేశింపరు. ముగిసిన పిమ్మట క్రొత్తవాడు మరుసటి మీటింగు ఎచ్చటనో అడిగి, ఎవరో ఇచ్చిన ఫోను నెంబరును జేబులో భద్రపరచుకొని, కృష్ణానగరు దారి పట్టును.