గంజి కొరకా? – కరవు నాటి మన పితరుల సంగతి



వరికుంటపాడు ప్రాంతములోని ఒక పల్లెలో సాయంకాల ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక యౌవనస్థుడు నలుగురూ వెళ్లువరకు ఆగి, మా యొద్దకు వచ్చి మెల్లగా అడిగెను: "అయ్యగారూ, మా ముత్తాతలు గంజి కోసమే మతంలో కలిసినారంట గదా? మా కొట్లో అందరూ అదే మాటంటారు." అతడు పట్నములో ఒక బట్టల కొట్టులో పని చేయుచున్నాడు. ఆ రాత్రి మేము చెప్పిన జవాబు మాకే తృప్తినియ్యలేదు. గనుక ఈ శతాబ్ది సంచికలో ఆ సంగతినే కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఆ దినములలో ఒంగోలు, కనిగిరి, ఉదయగిరి అన్నియు నెల్లూరు జిల్లాలోనివే. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాకు, కనిగిరి 1970లో ప్రకాశము జిల్లాకు పోయినవి. మన సంఘములు ఏ మిషను వలన పుట్టినవైనను ఈ మెట్ట ప్రాంతపు క్రైస్తవుల కథ ఒక్కటే. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో పని ప్రారంభించినది. పాతికేండ్లు గడచినను విశ్వాసులు బహు కొద్దిమంది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మందితో ఏర్పడెను.

ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ల దూరమున తాళ్లకొండపాడు అను పల్లె కలదు. అక్కడి మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందెను. అంతకు ముందు ఆయన యోగము అభ్యసించిన సాధకుడు. ఆయన వలనను, ఆయన భార్య నాగమ్మ వలనను సువార్త పల్లె నుండి పల్లెకు పాకెను. చేరినవారికి క్లౌ దొరగారు పెట్టిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు.

వినుటకు ఇవి చిన్న మాటలు. కాని వెట్టి చేయు మనిషి ఆదివారము రానన్నచో రైతు ఊరకుండునా? చచ్చిన పశువు ఆ పల్లెవారికి తరతరాల హక్కు, లేమిలో అదే ఆహారము. జాతరలో డప్పు కొట్టుట వారికి ఊరు అప్పగించిన పని. దానిని మానినచోట ఊరి పెద్దలు పని మాన్పించిరి, నీళ్లకు అడ్డుపడిరి, దౌర్జన్యము చేసిరి. గంజి కొరకు వచ్చినవారైతే ఉన్న గంజిని ఎందుకు పోగొట్టుకొందురు? కరవుకు ముందే ఆ సంఘములలో చేరినవారు వేలకొలది. ఈ మాటను ఆ యౌవనస్థునికి ముందుగా చెప్పవలసినది, ఆ రాత్రి మాకు తోచలేదు.

పిమ్మట 1876లో వానలు తప్పినవి. 1878 వరకు సాగిన ఆ మహాక్షామములో దక్షిణ దేశమున లక్షలాది జనము మరణించిరి. ప్రభుత్వము కరవు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ గారు మిషనెరీ కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసినవారు. ఆయన ఆ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొనెను. బోధకులే మేస్త్రీలైరి. పగలు మట్టి కొలిచి లెక్క కట్టుచు, పని ఆగినప్పుడు మత్తయి సువార్త 11వ అధ్యాయములో ప్రయాసపడువారికి ప్రభువు ఇచ్చిన పిలుపును వినిపించుచుండిరి. మోసి మోసి మెడలు వాచినవారికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను వచ్చినవానికి పని, పనికి కూలి దొరికెను.

మేము మరి మరి తలంచునది ఆ తరువాతి సంగతి. త్రవ్వుచున్నవారు గుంపులుగా బాప్తిస్మము అడిగిరి, క్లౌ గారు ఇయ్యలేదు. సుమారు 15 నెలలు ఒక్కరికైనను ఇయ్యలేదు. సహాయపు ధనము చేతిలో ఉండగా సంఘ ద్వారము తెరచినచో ఎవడు దేనికొరకు వచ్చెనో తెలియదని ఆయన యెరుగును. ప్రభువు చెప్పిన పాము వివేకము, పావురపు నిష్కపటము రెండును ఈ ఒక్క పనిలో మాకు కనబడుచున్నవి. లెక్కలు చూపవలసిన మిషనెరీకి ఇది సులభము కాదు. అడిగి అడిగి కాచుకొన్నవారికి అంతకన్న కష్టము.

1878లో సహాయము ఇక లేదని తెలిపిన పిమ్మటనే బాప్తిస్మములు తిరిగి ఆరంభమాయెను. ఇతర మిషనులవారు పల్లెలకు వచ్చుచున్నారన్న వార్తయు ఆ నిర్ణయమును త్వరపెట్టెనందురు. దానిని దాచుట మాకిష్టము లేదు. జూలైలో ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద జనము కూడెను. 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, మరునాడు 700 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ గారు నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు ఒక్కొక్కరినే పేరు పిలిచి ముంచిరి. సంవత్సరాంతమునకు చేరినవారు 9,606 మంది.

ఆకలికిని ఆ విశ్వాసమునకును సంబంధము లేదని మేమనము. తన బిడ్డ చచ్చుచుండగా ఎవరు దగ్గర నిలిచిరో, ఎవరు మొగము త్రిప్పుకొనిరో ఆ తల్లి చూచినది. చూచినదానిని బట్టి నమ్ముట అవివేకమా? పిమ్మట 1885లో ఉదయగిరిలో, 1892లో కనిగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషను కేంద్రములు ఏర్పడుటకు ఈ పల్లెజనమే కారణము.

నేడు కరవు వేరు రూపముతో నున్నది. బోరు నీటిలో ఫ్లోరైడు, ఇంటికొకరు వలస. కాగితముల సంగతి మరియొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించెను, క్రైస్తవులకు లేదు. అందుచేత మనలో అనేకులకు గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. బిడ్డ చదువు కొరకు ఆ బరువు మోయుచున్న తల్లిదండ్రులను బల్ల ఆరాధనకు ముందు నిలదీయుటకు మాకు నోరు రాలేదు, ఇకముందు రాదు. అయితే తీసికొనునది ఏమిటో, విడిచిపెట్టునది ఏమిటో ఇంటిలో కూర్చుండి కన్నీటితోనైనను మాటలాడుకొనుడని మాత్రము చెప్పుచున్నాము.

ఆ యౌవనస్థుడు క్రిస్మసుకు తిరిగి వచ్చినప్పుడు ఇదంతయు చెప్పితిమి. చాలసేపు ఊరకుండి, "మా ముత్తాత పేరు దొరుకుతుందా అయ్యగారూ?" అనెను. సంఘపు పాత రిజిస్టరు తెచ్చి దీపము క్రింద పెట్టితిమి. తొలి పుటలు చెదలు తినివేసినవి. మిగిలిన పుటలలో అతని ఇంటి పేరు మూడు చోట్ల కనబడెను. ఒకచోట ఆ పేరు ప్రక్కన, ఎవరి చేతివ్రాతయో గాని, "డప్పు మానెను" అని యున్నది.