మన మీద రాసిన లెక్క

"ఈ వయసుల సదువుకొని ఏం కొలువు జేస్తవే?" మా అవ్వ పలక పట్టుకుని రాత్రిబడికి పోయే రోజుల్లో వాడకట్టు వాళ్ళు అడిగిన మాట ఇది. అవ్వ నవ్వి ఊరుకునేది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. ఆ ప్రశ్నకు జవాబు నాకూ చాన్నాళ్ళు దొరకలేదు.

మా అయ్య చిన్నప్పుడే ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నడు, తాత చేసిన అప్పు కింద. ఏటేటా ఎంత తీరిందో, మిత్తి ఎంత పెరిగిందో రాసిన పుస్తకం ఆసామి ఇంట్లోనే ఉండేది. రాసేది ఆయన, చదివేది ఆయన. ఏలిముద్ర మాత్రం మాది. చదువు లేదంటే కొలువు రాదని అందరూ చెప్తారు. అది తర్వాతి మాట. మన మీద ఇతరులు రాసిన లెక్కను మనం చదవలేకపోవడం, తప్పుంటే ఇది తప్పు అని చెప్పలేకపోవడం మొదటి మాట. దళితుల చదువు చరిత్రను ఈ వైపు నుంచి చూడాలి.

చదువుకు వయసు అనేది కూడా కులం నిర్ణయించిందే. బడికి పోయే ఈడులో పశువుల వెంట తిరిగినవాడికి పెద్దయ్యాకే తీరిక, అదీ పొద్దుమూకినంక. ఈ సంగతి జోతిరావు ఫూలేకు తెలుసు. 1848లో పూణేలో ఆడపిల్లల కోసం బడి తెరిచిన ఫూలే దంపతులు, 1855లో కూలీలకూ రైతులకూ రాత్రిబడి పెట్టారు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో ఫూలే సర్కారు లెక్కనే బయటపెట్టాడు. ఖజానా నిండేది రైతు చెమటతో, ఆ డబ్బుతో నడిచే పైచదువులు అందేది బ్రాహ్మణులకూ పై వర్గాలకూ అని వాదించాడు. పన్నెండేళ్ళ దాకా ప్రాథమిక విద్య నిర్బంధం చెయ్యాలని అడిగాడు. దానం కావాలని ఆయన అడగలేదు, బాకీ తీర్చమన్నాడు.

మన దగ్గరికొస్తే, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ (1888-1939) 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలతో జనాన్ని కూడగట్టాడు. 1910 నుంచి మన పిల్లలకు బడులు తెరిచాడు. 1917లో బెజవాడలో జరిగిన సభకు మొదట 'పంచమ' అనే పేరుంది. అధ్యక్షుడుగా వచ్చిన వర్మ ఆ పేరునే ప్రశ్నించాడు. ఈ మాటకు ఆధారం ఎక్కడుంది, మేము ఈ నేలకు ఆది నుంచీ ఉన్నవాళ్ళం అన్నాడు. సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1931 జనాభా లెక్కల నాటికి నిజాం రాజ్యంలో ఆది హిందువులనే పేరు సర్కారు కాగితాల మీదికొచ్చింది. మాలోడు, మాదిగోడు అని పిలిపించుకున్న జనం తమకు తాము పేరు రాసుకున్నారు. బడి లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదు.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా బతుకుతెరువు కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పాడు, తర్వాత పంతులుగా పని చేశాడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘదూతం వంటి సంస్కృత కావ్యాలు చదువుకున్నాడు. కాళిదాసు యక్షుడు ప్రేయసికి మేఘంతో కబురు పంపితే, 1941 'గబ్బిలం'లో అంటరానివాడు తన బాధను గబ్బిలంతో శివుడికి పంపాడు. మనల్ని బయట నిలబెట్టిన కావ్యసంప్రదాయాన్ని జాషువా లోపలికి పోయి తిరగరాశాడు.

అంబేద్కర్ సంగతి మనకు తెలిసిందే అనుకుంటాం. కొలంబియా, లండన్ పట్టాలు చెప్పి ఆగిపోతాం. హైస్కూల్లో ఆయన్ని సంస్కృతం చదవనివ్వలేదు, పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. 1946లో 'శూద్రులెవరు' పుస్తకం వేసేటప్పుడు, ఆ సాహిత్యాన్ని పదిహేనేళ్ళు ఇంగ్లీషు అనువాదాల్లోనైనా చదివానని ముందుమాటలో చెప్పుకున్నాడు. రాజ్యాంగం రాశాక, అరవై దాటిన వయసులోనూ బౌద్ధ గ్రంథాల మధ్యే కూర్చున్నాడు. ఆయన పట్టాలు చేతికొచ్చాక కూడా చదువు ఆగలేదు. శాస్త్రం మన మీద రాసిన లెక్క ఇంకా తేలలేదు కాబట్టి.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళది మరో పాఠం. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిపూట చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ ఉంది, ఊరి ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించిన కథ. 1992లో వాళ్ళు ఆ పాఠాన్ని తమ ఊళ్ళోనే చేసి చూపించారు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కొత్తగా అక్షరం నేర్చిన కూలి ఆడవాళ్ళు ప్రభుత్వ ఆదాయం లెక్కనే తలకిందులు చేశారు.

ఇక మా అవ్వ. ఉపాధి హామీ పనులు మొదలైన కొత్తలో జాబ్‌కార్డు మీద తొమ్మిది రోజులు రాసిన్రు. అవ్వ పనికి పోయింది పద్నాలుగు రోజులు. అంకె మీద వేలు పెట్టి, "ఇది తొమ్మిది. నేనొచ్చింది పద్నాలుగు" అన్నది. రాసినాయన కార్డు చూసిండు, అవ్వను చూసిండు, కొట్టేసి మళ్ళ రాసిండు. అయిదు రోజుల కూలి! ఆ సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు తమ కార్డులు పట్టుకుని మా గుడిసె ముందు కూర్చున్నరు. ఏం కొలువు జేస్తవని అడిగినామె కూడా అందులో ఉన్నది.

చదువుకున్నవాళ్ళం మనల్ని మనం కూడా అడుక్కోవాలె. 1956 మార్చిలో ఆగ్రా సభలో అంబేద్కర్, చదువుకున్నవాళ్ళే తనను మోసం చేశారని బాధపడ్డాడు. కొలువు రాగానే పుస్తకం మూసి, వాడ విడిచి పట్నం కాలనీలో స్థిరపడినవాళ్ళలో నా స్నేహితులున్నారు, కొంతకాలం నేనూ ఉన్నాను. చదువు నాకు తలెత్తి నిలబడే ధైర్యం ఇచ్చింది, నిజమే. కానీ ఆ ధైర్యం నా ఒక్కడి సంపాదన కాదు. ఫూలే దంపతుల రాత్రిబడి నుంచి మా అవ్వ పలక దాకా చేతులు మారుతూ వచ్చింది.

మొన్న ఊరికి పోతే అవ్వ నన్నే అడిగింది: "ఇంకెన్నేండ్లు సదువుతవ్‌రా?" రాసేటోళ్ళు రాస్తనే ఉన్నరు కదనే అన్నాను. అవ్వ ఈసారి నవ్వలేదు. "అయితే సదువు" అన్నది.