సౌర జల తాపకం - తాగునీటి భద్రత

సౌర జల తాపకం సూర్యరశ్మి సహాయంతో నీటిని వేడిచేసే గృహోపకరణం. వాడుకలో దీనిని సోలార్ వాటర్ హీటరు లేదా సోలార్ గీజరు అంటారు. దీని నీటిని స్నానానికి, గిన్నెలు కడగడానికి, బట్టలు ఉతకడానికి వాడతారు. గ్యాసు ఆదా అవుతుందని కొన్ని ఇళ్ళలో ఈ నీటినే అన్నానికి ఎసరుగా, టీ, కాఫీలకు వాడటం కూడా ఉంది. అయితే ఈ నీటిని తాగడానికి, వంటకు వాడకపోవడం మంచిది. ఇందుకు కారణం సూర్యరశ్మి కాదు. నీరు నిలువ ఉండే తొట్టి, ప్రవహించే గొట్టాలు, మూలజలపు నాణ్యత.

పనిచేసే విధానం

ఈ తాపకాలు ముఖ్యంగా రెండు రకాలు. సమతల ఫలక రకంలో గాజు పలక కింద నల్లని పూత గల లోహపు రేకు, దానికి అతికిన రాగి గొట్టాలు ఉంటాయి. శూన్య నాళిక రకంలో రెండు పొరల గాజు గొట్టాలు ఉంటాయి. ఆ పొరల మధ్య గాలి ఉండదు. వేడెక్కిన నీరు తేలికై పైనున్న తొట్టిలోకి చేరుతుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది. దీనినే థర్మోసైఫన్ సూత్రం అంటారు. మంచి ఎండ ఉన్న రోజున నీరు సుమారు 60 నుండి 80 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. మబ్బు పట్టిన రోజులలో గోరువెచ్చగానే ఉండిపోతుంది.

లోహాలు

వేడినీరు చన్నీటి కంటే ఎక్కువగా లోహాలను కరిగించుకుంటుంది. గొట్టాలు, అతుకులు, కుళాయిల నుండి రాగి, జింకు, ఇనుము, కొన్ని సందర్భాలలో సీసం నీటిలో చేరవచ్చును. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించరాదు. సీసం ఉన్న సంగతి రంగు వల్ల గాని, రుచి వల్ల గాని తెలియదు. మరిగించినా అది పోదు. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు ఇది హాని చేస్తుంది. అందుచేత పాలపొడి కలపడానికి ఈ నీటిని వాడరాదు.

సూక్ష్మజీవులు

వేడిగా ఉన్నంత మాత్రాన నీరు కాచిన నీటితో సమానం కాదు. తెర్లే వరకు కాచినప్పుడు రోగకారక క్రిములు నశిస్తాయి. తాపకంలోని నీరు సాధారణంగా ఆ స్థితికి చేరదు. పైగా వాడకం లేక గోరువెచ్చగా నిలిచిన నీటిలో కొన్ని బాక్టీరియాలు పెరుగుతాయి. వీటిలో లెజియోనెల్లా ముఖ్యమైనది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రబలిన ఒక రకం న్యుమోనియాకు కారణాన్ని వెదకుతూ శాస్త్రవేత్తలు దీనిని గుర్తించారు. ఇది ప్రధానంగా నీటి తుంపరలను పీల్చడం వలన సోకుతుంది. కనుక తొట్టిలోని నీరు 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండటం స్నానానికి కూడా క్షేమం.

ఫ్లోరైడు, లవణాలు

వేడిచేయడం వలన ఫ్లోరైడు, నైట్రేటు వంటివి తొలగిపోవు. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాలలోని ఫ్లోరైడు పీడిత గ్రామాలలో బోరునీటిని సౌర తాపకంలో కాచినా ఫ్లోరైడు అలాగే ఉంటుంది. కఠినజలమైతే కాల్షియం కార్బొనేటు పెచ్చులుగా గొట్టాలలో పేరుకొని, తాపకం సామర్థ్యాన్ని కూడా తగ్గిస్తుంది.

జాగ్రత్తలు

• తాగడానికి, వంటకు శుద్ధిచేసిన చన్నీటిని తీసుకొని పొయ్యిమీద కాచుకోవాలి.
• వేరే నీరు దొరకని పరిస్థితిలో ఈ నీటిని తెర్లే వరకు కాచాలి. దీనివలన క్రిములు నశిస్తాయి గాని లోహాలు, ఫ్లోరైడు పోవు.
• కొన్ని రోజులు ఇల్లు విడిచి వెళ్ళి వచ్చినప్పుడు తొట్టిలో నిలిచిన నీటిని వదిలివేయాలి.
• మేడమీది చన్నీటి ట్యాంకుకు మూత ఉంచాలి, దానిని తరచు శుభ్రం చేయాలి.
• తుప్పును అరికట్టే మెగ్నీషియం కడ్డీ ఉన్న తొట్టిలో, అది అరిగిపోయినప్పుడు మార్పించాలి.
• నీటికి రంగు, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చినట్లయితే తొట్టిని కడిగించి, నీటిని పరీక్ష చేయించాలి.

స్నానం చేసేటప్పుడో, పుక్కిలించేటప్పుడో ఈ నీరు ఒక గుక్క లోపలికి పోయినంత మాత్రాన భయపడవలసిన అవసరం లేదు. ప్రతిదినం ఇదే నీటిని తాగే అలవాటును మాత్రం మానుకోవాలి.