కాలు కింద పెట్టకుండా: సైకిల్‌ని నిలబెట్టిన వాళ్ళ చరిత్ర

చరిత్ర అనగానే మనం రాజులు, కోటలు, యుద్ధాల గురించి మాట్లాడుకుంటాం. ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న విద్య చరిత్ర చెబుతాను. సైకిల్‌ని ఆపి, కాలు కింద పెట్టకుండా నిలబడే విద్య. అందులోనే ఇంకా కష్టమైనది, ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం ఒక్కదాని మీదే నిలబడడం.

బయటి దేశాల్లో దీన్ని ఒక క్రీడగా ఆడతారు. పేరు బైక్ ట్రయల్స్. దారిలో బండరాళ్ళు, దుంగలు, గట్లు పెడతారు. సైకిల్ దిగకుండా వాటిని దాటాలి. పాత పద్ధతి లెక్క ప్రకారం కాలు నేలకి తగిలిన ప్రతిసారీ ఒక పాయింటు పడుతుంది. చివరికి ఎవరికి తక్కువ పాయింట్లు ఉంటే వాళ్ళదే గెలుపు.

నన్నడిగితే సైకిల్ చరిత్ర మొత్తం ఈ కాలు చుట్టూనే తిరుగుతుంది. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి ఒకటి చేశాడు. దానికి పెడల్ లేదు. నేలని కాళ్ళతో తన్నుకుంటూ పోవాలి. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు పెట్టాక కాళ్ళు నేల వదిలాయి. 1885లో ఇంగ్లండ్‌లో స్టార్లీ చేసిన రోవర్ సైకిల్‌తో మనకి తెలిసిన రూపం వచ్చింది. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రానికి చైను. కదులుతున్నంతసేపు కాలు దించక్కర్లేదు. మరి ఆగితే?

ఆగి నిలబడడం ముందు పందేల్లో అవసరమైంది. ట్రాక్ మీద స్ప్రింట్ పందెంలో ముందు వెళ్ళేవాడికి గాలి ఎదురవుతుంది, వెనకవాడు ఎప్పుడు దూసుకొస్తాడో కనిపించదు. అందుకే ఇద్దరూ ఎదుటివాడినే ముందు పంపాలని చూస్తారు, చూసి చూసి ఆగిపోతారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఇటలీకి చెందిన పెట్టెనెల్లా, ఫ్రాన్స్‌కి చెందిన ట్రెంటిన్ దాదాపు 22 నిమిషాలు అలా కదలకుండా నిలబడ్డారు. పేరుకి అది వేగం పందెం!

ఇక మన ఊరికి వద్దాం. మొదట్లో మన దేశంలో సైకిల్ అంటే విలాయతీ వస్తువు. స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, సోనీపత్‌లో అట్లాస్, లుధియానాలో హీరో కంపెనీలు మొదలయ్యాక అది గుమాస్తాకి, పాలవాడికి, చేతిపనివాళ్ళకి అందింది. కొనలేనివాళ్ళకి కిరాయి సైకిల్ షాపులు ఉండేవి. గంటకి ఇంత అని లెక్క.

పాత బస్తీ పిల్లలు సైకిల్ నేర్చుకున్నది ఆ కిరాయి సైకిళ్ళ మీదే. ముందు కైంచీ, అంటే కోస్తా వైపు అడ్డ తొక్కుడు అంటారే, అది. ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి తొక్కడం. తర్వాత డండా మీద, ఆఖరికి సీటు మీద. ఆ తర్వాత అసలు పరీక్ష పెట్టేది గల్లీ. పత్తర్‌గట్టీలో, గుల్జార్ హౌజ్ దగ్గర, లాడ్ బజార్‌లో సాయంత్రం పూట సైకిల్ తోలిన వాళ్ళకి తెలుసు. ముందు తోపుడుబండి, పక్కన రిక్షా, ఎదురుగా గాజులు బేరమాడి వస్తున్న కుటుంబం. రెండు పాల క్యాన్లు కట్టుకున్న మనిషి ప్రతిసారీ దిగి ఎక్కలేడు. హ్యాండిల్ కాస్త తిప్పి, పెడల్ మీద బరువు ఆపి, సందు దొరికేదాకా రెండు మూడు క్షణాలు అలాగే ఉండిపోతాడు. టోక్యోలో జరిగిందీ అదే, కాకపోతే ఇక్కడ ఎవరూ గడియారం పట్టుకోలేదు.

ఈ విద్యనే బతుకుతెరువు చేసుకున్న వాళ్ళూ ఉండేవారు. తెలుగు ఊళ్ళలో మీ పెద్దవాళ్ళని అడగండి, చెబుతారు. ఒకాయన వచ్చేవాడు. కూడలిలో గుంజలు పాతి, మైకులో పాటలు పెట్టి, రాత్రీ పగలూ సైకిల్ దిగకుండా గుండ్రంగా తిరిగేవాడు. స్నానం, భోజనం అన్నీ దాని మీదే. మధ్యమధ్యలో ముందు చక్రం లేపి నిలబడేవాడు. జనం చిల్లర వేసేవారు. ఆయన షరతు కూడా ఒక్కటే, కాలు కింద పెట్టకూడదు. ఆ మనుషుల్లో చాలామంది పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

అదే కాలంలో, 1970లలో, స్పెయిన్‌లోని కాటలోనియాలో పెడ్రో పీ అనే మోటార్‌సైకిల్ ట్రయల్స్ వీరుడు ఉండేవాడు. మోటార్‌సైకిల్ ట్రయల్స్ అప్పటికే పాత ఆట, స్కాట్లండ్‌లో 1909 నుంచీ ఉంది. ఈయన తన కొడుకు ఓట్ కోసం సైకిల్‌నే ఆ ఆటకి పనికొచ్చేలా మార్చాడు. ఇంజన్ లేకుండా పిల్లవాడు మెళకువలు నేర్చుకుంటాడని. మోంటేసా కంపెనీ అలాంటి సైకిళ్ళు అమ్మింది. క్లబ్బులు వచ్చాయి, నిబంధనలు రాసుకున్నారు. 1986 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి. ఓట్ పీ కూడా ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మన కూడలి మనిషికీ ఆ పిల్లవాడికీ తేడా విద్యలో లేదండీ. ఒకరికి పక్కన ఒక క్లబ్బు, ఒక నిబంధనల పుస్తకం ఉన్నాయి, ఇంకొకరికి లేవు.

ఇప్పుడు వెనక చక్రం సంగతి. నేను కూడా సాధన చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తిరిగే చక్రం బొంగరంలా సైకిల్‌ని నిలబెడుతుందని చాలామంది అనుకుంటారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఎదురు తిరిగే ఇంకో చక్రం బిగించి ఆ బొంగరం బలాన్ని చెరిపేసి చూశాడు. అయినా సైకిల్ తొక్కగలిగాడు. మనం పడబోయే వైపుకి హ్యాండిల్ తిప్పి, చక్రాలని మళ్ళీ మన కిందకి తెచ్చుకుంటున్నాం. రోజూ తెలియకుండా చేసే పని ఇదే.

ముందు చక్రం లేస్తే ఆ హ్యాండిల్ ఉపాయం పోయినట్టే. అప్పుడు వెనక బ్రేకు గట్టిగా పట్టి, మోకాళ్ళు వంచి, చిన్న చిన్న గెంతులు వేయాలి. ప్రతి గెంతులో టైరుని మన బరువు కిందకి జరుపుకోవాలి. వెనక్కి వాలితే వెనక్కి, పక్కకి వాలితే పక్కకి. ముందుకి వాలితే బ్రేకు వదిలి, పెడల్‌తో ఒక్క తన్ను తన్ని, మళ్ళీ పట్టాలి. ఇదంతా అర క్షణంలో జరగాలి. శరీరం వెనక్కి పడిపోతున్నానని భయపడి ముందుకి వంగుతుంది, చక్రం కిందకి దిగిపోతుంది. నేర్చుకోవాల్సింది ఆ భయాన్ని ఆపడం. అందుకే ముందు వెనక బ్రేకు నేర్పుతారు. అది పడితే ముందు చక్రం దిగుతుందన్న నమ్మకం వచ్చాకే చేతులు వదులవుతాయి.

మన పాత పెద్ద సైకిల్‌తో ఇది ఎంత కష్టమో ఆలోచించండి. బరువు ఇరవై కిలోల చుట్టూ ఉంటుంది, పొడుగాటి ఫ్రేము, కడ్డీల బ్రేకు. ట్రయల్స్ సైకిల్‌కి సీటు కూడా ఉండదు, దాదాపు సగం బరువే. అలాంటి బండితో కూడలిలో చక్రం లేపిన మనిషిని తలుచుకుంటే నాకు గౌరవం పెరిగింది.

నుమాయిష్‌లో మౌత్ కా కువా చూసే ఉంటారు. ఆ చెక్క బావిలో మోటార్‌సైకిల్ గోడ మీద తిరుగుతుంది. అక్కడ మనిషిని పట్టి ఉంచేది వేగం. వేగం తగ్గితే ముప్పు. ట్రయల్స్‌లో అసలు వేగమే ఉండదు, పడినా చాలాసార్లు కాలు దించితే సరిపోతుంది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మన పిల్లల దగ్గర ఉన్నది మొదటి రకం. రాత్రిపూట రోడ్ల మీద మోటార్‌బైక్ ముందు చక్రం లేపుతున్నారు. పాత బస్తీ ఒక్కటే కాదు, నెక్లెస్ రోడ్డు వైపూ ఇదే. దీన్ని ఒక బస్తీకి అంటగట్టడం అన్యాయం. పోలీసులు కొన్ని రాత్రులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. 2019 చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు కూడా పడొచ్చు. కేసులు, జరిమానాలు కావాలి, కాదనను. పిల్ల ప్రాణం పోయాక జరిమానా ఏం చేస్తుంది? కానీ ఆ పిల్లవాడిలో ఉన్న కోరిక నేరం కాదు. అది పెడ్రో పీ కొడుకులో ఉన్న కోరికే.

నగరానికి పడమటి వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. మంచిదే. యాకుత్‌పురా పిల్లవాడికి అది చాలా దూరం. ట్రయల్స్‌కి అంత స్థలం అక్కర్లేదు. నాలుగు చెక్క పలకలు, పాత లారీ టైర్లు, కేబుల్ చుట్టిన పెద్ద చెక్క చక్రం, ఒక హెల్మెట్, చూసుకోవడానికి ఒక పెద్దమనిషి. బడి మైదానంలో ఒక మూల చాలు. 2009లో ఎడింబరా వీధుల్లో తీసిన ఒక్క వీడియోతో ప్రపంచానికి తెలిసిన డానీ మెకాస్కిల్ కూడా అప్పటికి సైకిల్ షాపులో మెకానిక్కే. మన దగ్గర సైకిల్ షాపులకీ మెకానిక్కులకీ కొదవ ఏముంది?

మీ ఇంట్లో తాతయ్యకో నాన్నకో కిరాయి సైకిల్ రోజులు గుర్తుంటే కూర్చోబెట్టి అడగండి. ఆ కూడలి మనిషి పేరు, ఊరు గుర్తుంటే రాసిపెట్టుకోండి. ఆ తరం వెళ్ళిపోతే ఇది చెప్పేవాళ్ళు ఉండరు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.