శనివారం పుట్టిన థావ్రి: మన ఆడపిల్లల పేర్లలో ఉన్న చరిత్ర



పోయిన నెల ఒక శనివారం మా అక్కకు బిడ్డ పుట్టింది. అప్పటి నుంచి ఇంట్లో పేరు లొల్లి. బావ ఫోన్ల చూసి శాన్వి, ఆద్య అని లిస్టు రాసుకున్నడు. మా నాని మాత్రం ఎవర్నీ అడగకుండా మొదటి రోజు నుంచే "థావ్రీ" అని పిలుస్తోంది. ముసలోళ్ల పేరని అందరం నవ్వినం. ఆ పేరు ఎక్కడిదో ఆలోచించినంక నవ్వు ఆగింది.

మన పాత పేర్లలో చాలా వరకు పుట్టిన వారం మీద పెట్టినవే. సోమవారమైతే కొడుకు సోమ్లా, బిడ్డ సోమ్లి. మంగళవారమైతే మంగ్యా, మంగ్లి. శనివారమైతే థావ్ర్యా, థావ్రి. థావర్ అంటే శనివారం. ఆ మాట తెలుగులో లేదు, రాజస్థాన్ పల్లెల్లో ఉంది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణి చేస్తూ మనవాళ్లు దక్కన్‌కు వచ్చారనీ, మొఘల్ సైన్యాలకు తిండిగింజలు మోశారనీ పుస్తకాల్లో చదువుతాం. ఆ దూరపు నేల గుర్తు మాత్రం మన నానిల పేర్లలోనే మిగిలింది.

రాత లేని ఇంట్లో పేరే పుట్టిన చీటీ. బడిలో చేర్చేటప్పుడు సార్లు వయసు అంచనా వేసి జూన్‌లోనో జూలైలోనో ఒక తారీఖు రాసేవారు. అందుకే మన పెద్దోళ్లలో చాలామందికి సర్టిఫికెట్‌లో తారీఖు ఉత్తది, పేరులో వారం నిజం.

1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలం ఎస్టీ జాబితాలోకి వచ్చినం. హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలల దారి తెరుచుకుంది. చదువుతో పాటు పేర్లూ మారినయి. తండాలో సోమ్లి, రిజిస్టర్‌లో సరోజ. వాళ్లను తప్పుపట్టలేం. పేరు పిలవగానే క్లాసంతా నవ్వితే ఏ పిల్ల ఓర్చుకుంటది?

కానీ ఒకటి ఆలోచించండి. హోళీకి మనం ధూండ్ చేసేది మగపిల్లగాడికే. ఆడపిల్ల పుడితే అంత సంబరం లేదు. ఆమెకు దక్కింది ఆ పిలుపే. అది కూడా తీసేస్తే ఏం మిగులుతది? గాయని మంగ్లి అసలు పేరు సత్యవతి. జనం గుండెల్లో నిలిచింది మాత్రం మంగ్లి అనే తండా పేరే.

ఇగ కాగితాల సంగతి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు అప్పుడే రాయాలని లేదు. ఏడాదిలోపు ఉచితంగా, తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్చుకోవచ్చు. అయితే 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, ఆధార్‌కైనా జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి నిదానంగా ఆలోచించి, ఒకే స్పెల్లింగ్‌తో రాయించండి.

మా ఇంట్లో చివరికి ఇట్ల తేలింది: ముందు ఇంటిపేరు, తర్వాత శాన్వి, దాని పక్కన థావ్రి. బడిలో ఏ పేరుతో పిలిపించుకుంటదో రేపు ఆ పిల్లే తేల్చుకుంటది. ఆ రెండోది కాగితం మీద ఉంటేనే కదా తేల్చుకునేది.

మీ దాది, నాని పేర్లు ఏ వారానివో కింద రాయండి. తెలియకపోతే ఈ రోజే ఫోన్ చేసి అడగండి.