ఉదజని శుద్ధి



ఎఱ్ఱగా కాలిన బొగ్గుపై నీటియావిరిని పంపినచో ఉదజనితోపాటు కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టి నిద్రించువారి ప్రాణములు దీయునది యిదియే.

1913లో జర్మనీయందలి ఓపావులో ఎరువులకై ఉదజనినుండి అమ్మోనియాను చేయ నారంభించిరి. అందులకు ఉత్ప్రేరకము, అనగా తాను తరుగక రసాయనక్రియను త్వరపెట్టు పదార్థము, కావలెను. అచ్చటి యినుప ఉత్ప్రేరకమును ఈ విషము చెఱచుచుండెను. కొలది వత్సరములలో బాష్ పండితుని బృందము మఱియొక ఉత్ప్రేరకముతోనే దీనికి విరుగుడు సాధించెను. ఇనుము, క్రోమియముల ఆక్సైడులమీదుగా ఆ వాయువును ఆవిరితో పంపగా, విషము బొగ్గుపులుసు వాయువుగా మాఱి, ఉదజనియు వృద్ధియయ్యెను. 1980 మొదలు 1999 వఱకు రామగుండమున బొగ్గునుండి యూరియా చేసిన కర్మాగారమునకును ఇట్టి మార్పు ఆవశ్యకమైనదే.

నేడు ఉదజనితో విద్యుత్తు పుట్టించు ఇంధన ఘటములు వచ్చినవి. వానిలోని ప్లాటినమును 10 లక్షల పాళ్లలో 10 పాళ్ల విషమైనను మందగింపజేయును. కావున స్వల్పముగా ప్రాణవాయువును చేర్చి, ఉదజనిని విడిచి విషమునే దహించు ఉత్ప్రేరకములను వాడుదురు.

సైనిక్‌పురికి దక్షిణమున, ఉప్పలు మార్గమున, 1944లో స్థాపితమైన ప్రయోగశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయై ఉత్ప్రేరకములపై కృషి చేయుచున్నది. మీ గ్రామములలోని బాలబాలికలను ఈ శాస్త్రమునకు ప్రోత్సహింపుడని నేను వేడుచు సెలవు గైకొనుచున్నాను.